పోలీసు ఉద్యోగంలో చేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కానిస్టేబుల్ ట్రైనింగ్ పూర్తయిందని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. నెల్లూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు అదే ఉద్యోగం చేశాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కొత్తగా చేరినప్పుడు ఒక రొయ్యల గుంట దగ్గర మోటారు పోయింది. ఫిర్యాదు రాగానే అందరం నేరుగా పక్కనున్న యానాది గిరిజనుల కాలనీకి పోయాం. అక్కడికే ఎందుకని నేనూ అడగలేదు. ఒక కుర్రవాడిని రాత్రంతా స్టేషన్‌లో కూర్చోబెట్టాం. నాలుగో రోజు ఆ మోటారు గుంట యజమాని బంధువుల ఇంట్లో దొరికింది. తప్పు జరిగిందని ఆ కుర్రవాడికి చెప్పి రావాలని మాలో ఒక్కరికీ తోచలేదు. రెండేళ్ళ తర్వాత అదే కాలనీలో ఆడపిల్ల కనిపించకుండా పోతే, తల్లి మూడు రోజులు మా గడప తొక్కలేదు. పిల్ల క్షేమంగా దొరికింది. ఆ మూడు రోజుల ఆలస్యం మాత్రం మా వల్లే.

ఆ భయం పాతది నాయనా. బ్రిటిష్ వాళ్ళు కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే నేరస్థ తెగల చట్టం కింద, కావలి దగ్గర కప్పరాళ్ళతిప్పలో ఎరుకలనే మరో గిరిజన తెగ కుటుంబాలను సెటిల్మెంట్‌లో పెట్టి నిఘా వేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది, అనుమానం మాత్రం స్టేషన్లలో మిగిలిపోయింది.

అందుకే ఏ కేసూ లేని రోజున కాలనీకి పో. యూనిఫాంలోనే పో. 'ఏందిరా' అనకు, 'పెద్దాయనా' అని పలకరించు. ఆధార్ లేదంటారు, రేషన్ రాలేదంటారు. ఎవరిని కలవాలో చెప్పు, వీలైతే తోడు వెళ్ళు.

స్టేషన్‌లో ఫిర్యాదులు రాసే రైటర్ పక్కన కూర్చోబెడితే, చదువు రానివాళ్ళ ఫిర్యాదు రాశాక నిదానంగా చదివి వినిపించు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా చేతికివ్వు. మా పరిధి కాదని ఎవరినీ తిప్పి పంపకు. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న కొత్త చట్టంలో జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాసుకోవచ్చు. కులం పేరుతో తిట్టారని వస్తే రాజీ మాట నీ నోట రాకూడదు.

మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు బందోబస్తు పడితే వదులుకోకు. స్వర్ణాల చెరువు నీళ్ళలో హిందువులూ ముస్లింలూ కలిసి రొట్టెలు మార్చుకుంటారు. అక్కడ ముసలమ్మల చెయ్యి పట్టుకుని మెట్లు దింపు, తప్పిపోయిన పిల్లల్ని ఎత్తుకో.

పోస్టింగ్ ఎక్కడో తెలియగానే ఫోన్ చెయ్యి. చుట్టుపక్కల కాలనీల పెద్దలు కొందరు నాకు తెలుసు, నేనే వచ్చి పరిచయం చేస్తాను.

మీ మామయ్య