ఆ హోరు ముద్రణ లోపమా?

ప్ర: అమెరికా రాక్ బృందం బ్యాడ్ బ్రెయిన్స్ తొలి ఆల్బమ్ మళ్ళీ ఎల్‌పీగా (గ్రామఫోన్ రికార్డుగా) వచ్చిందంటే తెప్పించుకున్నాను సార్. గొంతు వాద్యాల కింద నలిగిపోతోంది. తిరిగి పంపేయమంటారా?
- ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జ: పంపకండి. దాని పుట్టుకే అంత. 1982లో రోయిర్ సంస్థ దీన్ని క్యాసెట్‌గా మాత్రమే విడుదల చేసింది. రికార్డు చేసింది న్యూయార్క్‌లోని 171-ఏ అనే చిన్న స్టూడియోలో. ఎల్‌పీకి ఎక్కించినంత మాత్రాన ఆ గరుకుతనం పోదు, పోకూడదు కూడా. అయినా అట్ట మీద అమెరికా చట్టసభ గుమ్మటంపై పిడుగు పడుతుంటే చూసి కూడా వీణ కచేరీ ఆశించారా?

గోవిందరాజస్వామి గుడి వీధుల్లో కీర్తనల క్యాసెట్లు కొని పెరిగిన నా చెవికి ఇందులో మొదట పట్టింది లయ. బృందంలోని ఈ నలుగురూ వేగంగా, గరుకుగా సాగే పంక్ రాక్‌కు ముందు, జాజ్‌నూ రాక్‌నూ కలిపిన జాజ్ ఫ్యూజన్ వాయించేవారు. 'పే టు కమ్' అనే పాట ఒకటిన్నర నిమిషంలోపే ముగుస్తుంది. డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని వినండి, అంత పరుగులోనూ తాళం తప్పదు.

మధ్యలో నిదానంగా సాగే, జమైకా బాణీ అయిన రెగే పాటలున్నాయి. వాటిలో గొంతు విడిగా వినిపించాలి. అక్కడా నలిగితే మాత్రం ప్లేయర్ సూదికి పట్టిన దుమ్ము చూడండి.