అణుచిత్రణలో ఉన్నది ఏ అణువు?

సందేహం: మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇమ్యునోథెరపీ గురించి వెతుకుతుంటే ఒక వ్యాసంలో 'అణుచిత్రణ సాయంతో రోగనిరోధక చికిత్స' అని కనబడింది. ఇది అణుబాంబులోని అణువేనా? రోగనిరోధక చికిత్స అంటే టీకాయేనా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, ఈ అణువు వేరు, బాంబులోని అణువు వేరు.

మన సైన్సు పుస్తకాల్లో అణువంటే మాలిక్యూల్, పరమాణువంటే ఆటమ్. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. ఆ లెక్కన 1945లో హిరోషిమా మీద పడింది పరమాణు బాంబు. కానీ జనం నోట అణుబాంబు, అణువిద్యుత్తు స్థిరపడ్డాయి. వాటిని తప్పనలేం. 'అణుమాత్రం', 'అణువణువునా' అన్నప్పుడు అణువంటే మిక్కిలి చిన్నదనే కదా.

మీరు చదివిన 'అణుచిత్రణ' మాలిక్యులర్ ఇమేజింగ్‌కు తెలుగు. సీటీ స్కాన్ గడ్డ ఎక్కడుందో, ఎంతుందో చూపుతుంది. ఇది గడ్డలో ఫలానా అణువు ఉందా లేదా అన్నది చూపుతుంది. పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌నే తీసుకోండి. దాన్ని అడ్డం పెట్టుకొని క్యాన్సర్ కణం మన రోగనిరోధక కణాల దాడిని ఆపేస్తుంది. ఆ ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీకి జిర్కోనియం-89 అనే పదార్థాన్ని తగిలించి ఒంట్లోకి ఎక్కిస్తారు. కొన్ని రోజులాగి పెట్ స్కాన్ తీస్తే అది చేరిన చోట్లు బొమ్మలో మెరుస్తాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 22 మందిని ఇలా పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అటెజొలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకు ఎవరి గడ్డ లొంగుతుందో, గడ్డ నుంచి తీసిన బయాప్సీ ముక్కకు రంగువేసి చూసేదానికన్నా ఈ స్కానే మెరుగ్గా సూచించింది. చిన్న అధ్యయనమే అయినా నాకు చాలా ఆశ కలిగించింది. ఆసుపత్రుల్లో మామూలుగా తీసే పెట్ స్కాన్ ఇది కాదు, అందులో గ్లూకోజ్‌ను పోలిన పదార్థం వాడతారు.

జిర్కోనియం-89 రేడియోధార్మిక పదార్థమే, సుమారు మూడు రోజులకు సగమవుతుంది. అయితే అణుచిత్రణ అన్న పేరు దానివల్ల వచ్చింది కాదు. నేనైతే 'అణుస్థాయి చిత్రణ' అని రాసి, వెంటనే మాలిక్యులర్ ఇమేజింగ్ అని కూడా చెబుతాను.

ఇక రెండో మాట. 'రోగనిరోధక చికిత్స'కు విగ్రహవాక్యం చెప్పమంటే ఎవరైనా 'రోగనిరోధకమైన చికిత్స' అంటారు. అంటే రోగం రాకుండా ఆపేది. మీకు టీకా గుర్తుకు రావడం సహజమే, తప్పు మీది కాదు. రాసినవారి ఉద్దేశం 'రోగనిరోధకశక్తిచేత చేయించే చికిత్స'. నడుమ 'శక్తి' జారిపోయేసరికి అర్థమే మారింది. 'రోగనిరోధకశక్తి చికిత్స' అని రెండక్షరాలు ఎక్కువైనా రాయాల్సిందే. రోగి ఇంట్లో చదివే మాట విషయంలో పొదుపు పనికిరాదు.

డాక్టరుగారితో మాత్రం ఇమ్యునోథెరపీ అనే అనండి, కాగితాల్లో ఉండేదీ అదే. నాన్నగారు అడిగితే, 'మీ ఒంట్లో ఉన్న శక్తినే క్యాన్సర్ మీదికి పంపే వైద్యం నాన్నా' అని చెప్పండి.