పాప పౌరసత్వం చేతికి వచ్చేదాకా

చి. ల. సౌ. బుజ్జమ్మకు,

బెంగళూరు మల్లేశ్వరం నుంచి మీ అత్త ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం.

అమెరికాలో ఉన్న మీరిద్దరూ బెంగళూరు నుంచి పాపను దత్తత తీసుకుంటున్నారని మొన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఒకపక్క సంతోషం, ఇంకోపక్క టెన్షన్. శిశుగృహంలోనే ఉద్యోగం చేసి రిటైరైన అత్త ఈ ఊళ్లోనే ఉండగా, రెఫరల్ అంటే పాప వివరాలు వచ్చి ఫొటో చూసేదాకా నాకు ఒక్క ముక్క చెప్పలేదేమే? సరే, ఆ సంగతి నువ్వొచ్చాక తేల్చుకుంటాను. నీకు ఇంత ధైర్యం ఉన్నందుకు మాత్రం గర్వంగా ఉంది.

హోమ్ స్టడీ (మీ ఇంటి పరిస్థితుల పరిశీలన), ఐ-800ఎ (మీరు దత్తతకు అర్హులని తేల్చే అమెరికా అర్జీ), మన కేంద్ర దత్తత సంస్థ కారాలో రిజిస్ట్రేషన్ అయిపోయాయంటే మీ ఏజెన్సీ వాళ్లు దారిలోనే నడిపిస్తున్నారు. అల్లుడికి అమెరికా పౌరసత్వం ఉంది కాబట్టి పిటిషన్ అతని పేరు మీద వెళ్లింది. నీకు గ్రీన్‌కార్డే ఉన్నా పరవాలేదు. ఇక ఐ-800 (ఈ పాప కోసం పెట్టే అర్జీ), కారా ఎన్ఓసీ, కందాయ భవన్‌లో డీసీ (జిల్లా కలెక్టరు) ఇచ్చే దత్తత ఆర్డరు, పాప పాస్‌పోర్టు, ఢిల్లీలో వీసా. ఈ వరుస తప్పకూడదు. ఐ-800కి ప్రొవిజనల్ అప్రూవల్ (తాత్కాలిక ఆమోదం) రాకముందే తొందరపడి ఇక్కడ ఆర్డరు తీసుకుంటే వీసా దగ్గర ఇరుక్కుపోతారు.

మీ పెద్దమ్మ ఇంకో సలహా చెప్పిందట, బంధువుల్లోనే ఒక పిల్లను చూసుకుని దత్తత పత్రం రిజిస్టరు చేయించుకుంటే తేలికని. ఆ మాట వినకు. 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద రాసుకున్న పత్రం ఇక్కడ చెల్లుతుంది గానీ, ఆ ఒక్క కాగితం చూసి అమెరికా వీసా ఇవ్వదు. మన దేశం 2003లో, దేశాల మధ్య దత్తతల గురించిన హేగ్ ఒప్పందంలో చేరింది. అమెరికాలో అది 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటేనే బిడ్డ కదులుతుంది. పత్రం రాయించుకుని, తర్వాత వీసా దొరక్క పిల్లను తాత దగ్గర వదిలేసి వెళ్లిన వాళ్లను నేను చూశాను. అప్పటికే ఆ పిల్ల వాళ్లను అమ్మా నాన్నా అని పిలుస్తోంది.

ఇప్పుడు అసలు విషయం. దీన్ని అల్లుడు కూడా చదవాలి.

వెనకటి రోజుల్లో విదేశీయులకు ఇక్కడ దత్తత ఆర్డరు వచ్చేది కాదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు వాళ్లను సంరక్షకులుగా నియమించేది. బిడ్డను తీసుకెళ్లి దత్తత అక్కడి కోర్టులో పూర్తి చేసుకోవాలి. ఆ తర్వాత పౌరసత్వానికి మళ్లీ వేరే అర్జీ పెట్టాలి. ఈ చివరి మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోయారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. కోర్టు దత్తత ఇచ్చింది, తల్లిదండ్రులుగా తమ పేర్లతో బర్త్ సర్టిఫికెట్ వచ్చింది, బడిలో చేర్చుకున్నారు, సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చింది. ఇంకేం కావాలనుకున్నారు.

1970ల చివర్లో మా శిశుగృహం నుంచి వెళ్లిన ఒక అబ్బాయి, పెద్దవాడయ్యాక మాకు ఉత్తరం రాశాడు. ఉద్యోగం పని మీద వేరే దేశం వెళ్లాల్సి వచ్చి పాస్‌పోర్టుకు అప్లై చేస్తే, నువ్వు ఈ దేశ పౌరుడివి కాదన్నారట. పెంచిన తండ్రి అప్పటికే పోయాడు. తల్లికి జ్ఞాపకశక్తి తగ్గింది. గ్రీన్‌కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. తన పిల్లలు అమెరికా పౌరులు, తను కాదు. అప్పటికి అమెరికా వాళ్లు ఈ తిప్పలు తీర్చడానికి చైల్డ్ సిటిజన్‌షిప్ చట్టం తెచ్చారు. కానీ అది అమల్లోకి వచ్చిన 2001 ఫిబ్రవరి 27 నాటికి 18 నిండినవాళ్లకు వర్తించదు. ఇతనికి అప్పటికే నిండాయి.

ఇనుప బీరువాలో అడుగున ఉన్న ఫైలు నేనే వెతికి తీశాను. కోర్టు ఆర్డరు, పసివాడి ఫొటో, వీసా పేజీ నకలు దొరికాయి. వాటి మీద సంతకాలు చేయించి పంపాం. వాటితో అక్కడి లాయరు ముందు గ్రీన్‌కార్డు మళ్లీ తెప్పించాడు. ఆ తర్వాత నలభై దాటాక, పాకే వయసు నుంచి పెరిగిన దేశం గురించి కొత్తగా వచ్చినవాడిలా పరీక్ష రాసి, ప్రమాణం చేసి పౌరుడయ్యాడు. అతను అదృష్టవంతుడే. ఏదో కేసులో శిక్షపడిన కొందరు దత్తపిల్లలను, భాష కూడా రాని పుట్టిన దేశాలకు పంపేశారు.

మన పాపకు ఆ గతి పట్టదు, చట్టం మారింది. అయినా కాగితం చేతికి రావాల్సిందే. వీసా మీద ఐహెచ్-3 (దత్తత ఇక్కడే పూర్తయిన పిల్లలకిచ్చే రకం) అని ఉందేమో విమానం ఎక్కకముందే చూడు. అలా ఉంటే అక్కడ దిగి అల్లుడి దగ్గర ఉండేసరికి పాప అమెరికా పౌరురాలే. సర్టిఫికెట్ ఆఫ్ సిటిజన్‌షిప్ పోస్టులో ఇంటికి వస్తుంది. ఐహెచ్-4 అని ఉంటే వచ్చేది గ్రీన్‌కార్డే. అక్కడి కోర్టులో దత్తత పూర్తిచేసి, ఎన్-600 అనే అర్జీ పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మీరు ఇల్లు మారుతున్నారట కదా, కొత్త అడ్రసు ఇమిగ్రేషన్ వాళ్లకు ముందే తెలియజెయ్యి. ఆ కవరు పాత ఇంటికి వెళ్తే మళ్లీ తిరగాలి. వచ్చాక అమెరికా పాస్‌పోర్టు తీసుకో, సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో కూడా పౌరురాలని మార్పించు, అది దానంతటది మారదు. మన దగ్గర రెండు పౌరసత్వాలు కుదరవు కాబట్టి ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేసి, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు చేయించు.

పేరు సంగతి ఒకటుంది. డీసీ ఆర్డరు, బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, మూడింట్లోనూ ఒకే స్పెల్లింగ్ ఉండాలి. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టొద్దు. పాస్‌పోర్టులో పేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో ఎఫ్ఎన్‌యూ (అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అది బడి దాకా వెంటపడుతుంది. కోరమంగల పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లేముందు నాకు చూపించు, నా కళ్లకు ఇంకా అక్షరాలు ఆనుతాయి.

పాప గురించి శిశుగృహం వాళ్లిచ్చే రిపోర్టులు, పాత ఫొటోలు పారెయ్యొద్దు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది. 18 నిండాక కారాకు తానే అర్జీ పెట్టుకుని మూలాలు తెలుసుకోవచ్చు. ఆ రోజు నువ్వు ఏడవకుండా పక్కన ఉండాలి.

నాలుగేళ్ల పిల్ల, వచ్చింది కన్నడమే. "బా మగు", "ఊట మాడు" లాంటి నాలుగు మాటలు ఇప్పుడే నేర్చుకో. మొదటి రాత్రులు తిండి దాచుకుంటుంది, తలగడ కింద బిస్కెట్లు కనిపిస్తే తిట్టొద్దు. నీ మీద కంటే శిశుగృహం ఆయా మీదే ప్రేమ చూపిస్తే మనసు కష్టపెట్టుకోవద్దు. చిన్నప్పుడు మీ అమ్మ ఊరెళితే నువ్వు నా కొంగు పట్టుకుని, నాన్న దగ్గరికి కూడా వెళ్లేదానివి కాదు.

ఆర్డరు వచ్చాక పాస్‌పోర్టు అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండండి. హోటలంటే ఊరుకోను. టికెట్లు కొనేముందు తేదీలు చెప్పు. నా మోకాలి ఆపరేషన్ ఉంది, దాన్ని వెనక్కి జరుపుకుంటాను.

ఇట్లు,
మీ అత్త