ఉత్పత్తి ఆగిపోయిన సెంటు సీసాలు పెట్టుబడి అవుతాయా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది. మేత డీలరుకు ఐదు లక్షలు బాకీ, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఈ పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక మా బావమరిది పిలుపు మీద పారిస్ వెళుతున్నాం. నాకు మగవారి సెంట్లంటే మహా ఇష్టం. షాంజెలీజేలోని గెర్లాన్ దుకాణంలో కొన్ని కొనుక్కుంటాను. ఉత్పత్తి ఆగిపోయినవి కూడా కొని దాచి, నాలుగైదేళ్లకు అమ్మితే రెట్టింపు వస్తుందని ఒక మిత్రుడు అంటున్నాడు. అందుకు అమ్మాయి చదువు కోసం వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచి రెండున్నర లక్షలు తీయవచ్చా?

జవాబు: డిపాజిట్ జోలికి వెళ్లకండి. సెంట్లు కొనుక్కోండి, కానీ వాడుకోవడానికి మాత్రమే. మీ సరదాను నేను తప్పుపట్టడం లేదు. సంక్రాంతికి మన కోడిపందేల బరుల దగ్గర మూడు రోజుల్లో పోయే సొమ్ముతో పోలిస్తే ఇదెంతో మర్యాదైన ఖర్చు. చిక్కంతా ఆ ఖర్చును పెట్టుబడి పద్దులో రాయడంలోనే ఉంది.

1828లో మొదలైన గెర్లాన్ సంస్థ 1914 నుంచి షాంజెలీజే 68వ నంబరు భవనంలో ఉంది. అక్కడ 1965లో మొదటిసారి వచ్చిన అబీ రూజ్ అనే మగవారి సెంటు వంటివి, ఇతర చోట్ల సులభంగా దొరకని రకాలు కొన్ని మీకు కనిపిస్తాయి. అయితే అది ప్రస్తుతం తయారవుతున్న సరుకును అమ్మే దుకాణం కనుక, మీ మిత్రుడు చెప్పిన పాత సీసాల కోసం మీరు సేకరించేవారినో, వేలాలనో, ఆన్‌లైన్ అమ్మకందారులనో ఆశ్రయించవలసి వస్తుంది. ఖాళీ సీసాల్లో వేరే ద్రవం నింపి అమ్మే మోసం ఎక్కువగా జరిగేది ఆ సంతలోనే.

పాతవాటికి గిరాకీ ఉన్న మాట నిజం. ఓక్ చెట్ల మీద పెరిగే ఓక్‌మాస్ సారంలో ఉండే అట్రనాల్, క్లోరోఅట్రనాల్‌లతో పాటు లైరాల్ అనే వాసన పదార్థం 2021 ఆగస్టు నుంచి, లిలియాల్ అనే మరొకటి 2022 మార్చి నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే సౌందర్య సాధనాల్లో ఉండటానికి వీల్లేదు. ఇటువంటి నిబంధనల వల్ల సెంటు తయారీ సూత్రం మారినప్పుడల్లా పాత సీసా కోసం వెతికేవారు పెరుగుతారు. కానీ ఆ గిరాకీ సంస్థ ఒక్క నిర్ణయంతో తగ్గిపోగలదు: 1985లో వచ్చిన డెర్బీ అనే సెంటును గెర్లాన్ కొంతకాలం ఆపి, తరువాత తన దుకాణాల్లో మళ్లీ అమ్మింది. పైగా వేడి, వెలుతురు, గాలి సెంటును పాడుచేస్తాయి. ముందుగా చెడేవి నిమ్మ, నారింజ జాతి వాసనలు. మే నెల ఎండలో కరెంటు పోయినప్పుడు మన ఇళ్లలోని బీరువా ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పనక్కర్లేదు. మీ మిత్రుడు చూసిన రెట్టింపు ధర బహుశా అమ్మేవాడు అడుగుతున్న ధర. కొనేవాడు చెల్లించిన ధర దానికంటే తక్కువ ఉండవచ్చు. బంగారమైతే అవసరానికి బ్యాంకులో కుదువ పెట్టుకోవచ్చు, సెంటు సీసా మీద అప్పిచ్చే బ్యాంకు లేదు.

ఇప్పుడు మీ బాకీ సంగతి. ఐదు లక్షలకు నూటికి రెండు చొప్పున నెలకు పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు వడ్డీ అవుతుంది. పట్టుబడి సొమ్ములోంచి రెండున్నర లక్షలు ఆ బాకీకి జమచేస్తే ఏడాదికి అరవై వేల వడ్డీ కచ్చితంగా మిగులుతుంది. అంటే ఇరవై నాలుగు శాతం రాబడి, అదీ నష్టభయం లేకుండా. ఏ సెంటూ ఇంత హామీ ఇవ్వలేదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య ధర ఎలా పడిందో మీరు చెరువు గట్టు మీద నిలబడి చూసినవారే కనుక, ఒక పంట పోయినా అమ్మాయి ఫీజు ఆగకుండా చూసే డిపాజిట్‌ను అలాగే ఉంచండి.

పట్టుబడి అయ్యాక మేత, లీజు, కరెంటు లెక్కలు తీరి, బాకీలో సగమైనా తగ్గితే, మిగిలిన దానిలో నలభై, యాభై వేలు మీ సరదాకు కేటాయించుకోండి. సొమ్ము అంతకంటే తక్కువ మిగిలితే సీసాల సంఖ్య తగ్గించండి, క్రెడిట్ కార్డు వాయిదాల్లోకి మాత్రం వెళ్లకండి. దుకాణంలో ముందుగా కాగితం మీద కాదు, మణికట్టు మీద వేయించుకుని, రెండు మూడు గంటలు తిరిగి వచ్చాక ఇష్టమైతేనే కొనండి. కార్డు గీసేటప్పుడు రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే యూరోల్లోనే అనండి, ఎందుకంటే రూపాయల మార్పిడికి అక్కడ వేసే రేటు సాధారణంగా మీకు నష్టం.

ఫ్రాన్స్‌లో అమ్మకపు పన్ను ఇరవై శాతం. యూరోపియన్ యూనియన్ బయట నివసించేవారు నూరు యూరోలు దాటి కొంటే, నిర్వహణ రుసుము పోను కొన్న ధరలో సుమారు పన్నెండు శాతం దాకా తిరిగి పొందవచ్చు. అందుకు పాస్‌పోర్టు చూపి దుకాణంలోనే పత్రం తీసుకోవాలి, విమానాశ్రయంలో సామాను అప్పగించడానికి ముందే కస్టమ్స్ యంత్రం దగ్గర దానిని నమోదు చేయించాలి. నూరు మిల్లీలీటర్లు మించిన సీసాను సాధారణంగా చేతిసంచిలో రానివ్వరు. ఇక్కడ దిగాక సుంకం లేకుండా తెచ్చుకోగల విలువ ఎంతో బయలుదేరేముందే భారత కస్టమ్స్ వెబ్‌సైటులో చూసుకుని, బిల్లులన్నీ పాస్‌పోర్టుతో కలిపి పెట్టుకోండి.