స్కాట్లాండ్ గాయని బార్బరా డిక్సన్ ‘చెస్’ అనే సంగీత నాటకంలో నటించారా?

లేదు, నాటకం కంటే ముందు వచ్చిన ‘చెస్’ పాటల ఆల్బమ్‌లో ఆమె పాడారు, అంతే. స్టేజీ మీద నటిగా పేరు తెచ్చింది ‘బ్లడ్ బ్రదర్స్’ అనే మరో సంగీత నాటకం.

1947లో స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టిన ఆమె మొదట జానపద క్లబ్బుల్లో పాడేవారు. ఆ రోజుల నుంచే పరిచయమున్న రచయిత విల్లీ రస్సెల్ 1974లో బీటిల్స్ సంగీత బృందం మీద రాసిన నాటకానికి ఆమెను పిలిచారు. అందులో పాత్రేమీ లేదు, స్టేజీ మీదే పియానో ముందు కూర్చుని పాడటమే.

అసలు మలుపు 1983. ‘బ్లడ్ బ్రదర్స్’లో పేదరికం వల్ల కవలల్లో ఒకరిని వదులుకునే తల్లి మిసెస్ జాన్‌స్టన్ పాత్ర ఆమెదే. ఆ తల్లి తన కథను పాటలోనే చెప్పుకుంటుంది. కథను పాటగా చెప్పడం జానపద గాయనికి వెన్నతో పెట్టిన విద్య, అందుకే ఆ పాత్ర ఆమెకు అంతగా అతికింది. దానికీ, తర్వాత ‘స్పెండ్ స్పెండ్ స్పెండ్’ నాటకానికీ సంగీత నాటకాల విభాగంలో ఉత్తమ నటిగా లండన్ రంగస్థలానికి ఇచ్చే ఒలివియర్ అవార్డులు వచ్చాయి.

మరి ‘చెస్’ పొరపాటు ఎక్కడిది? ఆ ఆల్బమ్‌లో గాయని, నటి ఎలైన్ పేజ్‌తో కలిసి ఆమె పాడిన ‘ఐ నో హిమ్ సో వెల్’ పాట 1985లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. కానీ ఆ ఇద్దరిలో ‘చెస్’తో లండన్ స్టేజీకి వెళ్లింది ఎలైన్ ఒక్కరే.