గ్రౌండ్ ఫిల్ గురించి రాస్తున్న తమ్ముడికి

విజయనగరం

తమ్ముడికి ఆశీస్సులు.

పలాస జీడిపప్పు డ్రైయర్ల కోసం నువ్వు చేసిన టెంపరేచర్ బోర్డు మీద వ్యాసం అందింది. సెన్సార్, రిలే భాగాలు బాగా కుదిరాయి. లేఅవుట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "చివర్లో గ్రౌండ్ ఫిల్ వేసి శుభ్రం చేసుకోవాలి" అని ఒక్క వాక్యంతో దాటేశావు. గ్రౌండ్ ఫిల్ అంటే ట్రాకులు పోగా మిగిలిన చోట గ్రౌండ్‌కి కలిపి పరిచే కాపరే కదా. చదివేవాడికి నీ అవసరం ఉన్నదే అక్కడ.

టెక్కలిలోనో రాజాంలోనో మొదటి బోర్డు ఆర్డర్ పెట్టబోతున్న డిప్లొమా కుర్రాణ్ణి మనసులో పెట్టుకో. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో ఫిల్‌కి హద్దుగా జోన్ గీసి 'బి' నొక్కుతాడు. ఖాళీలన్నీ కాపర్‌తో నిండిపోతాయి. పని అయిపోయిందనుకుంటాడు. కానీ ఒకచోట రెండు ట్రాకుల నడుమ ఆ కాపర్ పావు మిల్లీమీటరు సందులోంచి దూరి వెళ్తుంటుంది. రూలు తప్పలేదు కాబట్టి, తప్పులు వెతికే డీఆర్‌సీ (డిజైన్ రూల్ చెక్) కూడా ఊరుకుంటుంది. ఆ సందుని జూమ్ చేసి, చుట్టూ గీత గీసి చూపించు.

పక్కనే లెక్క రాయి. ఒక ఔన్సు కాపర్ మందం సుమారు 35 మైక్రాన్లు. అందులో పొడవూ వెడల్పూ సమానంగా ఉన్న ముక్క ఎంతదైనా సరే, దాని రెసిస్టెన్స్ దాదాపు అర మిల్లీఓమ్. పావు మిల్లీమీటరు వెడల్పు, రెండున్నర మిల్లీమీటర్ల పొడవు అంటే అలాంటి ముక్కలు 10, మొత్తం 5 మిల్లీఓమ్‌లు. రిలే కాయిల్, ఎల్ఈడీలు కలిపి 100 మిల్లీఆంపియర్లు ఆ దారినే వెనక్కి వెళ్తే అర మిల్లీవోల్టు తేడా వస్తుంది. వేడిని కొలిచే కె టైప్ థర్మోకపుల్ సెన్సార్ డిగ్రీకి ఇచ్చేదే సుమారు 41 మైక్రోవోల్టులు. దాని మైనస్ వైరు సందుకి ఒకవైపు, దాన్ని చదివే చిప్ గ్రౌండ్ రెండోవైపు ఉంటే, రిలే ఆన్ అయినప్పుడల్లా రీడింగ్ 12 డిగ్రీలు అటో ఇటో అవుతుంది. డ్రైయర్‌లో 12 డిగ్రీలంటే ఏమిటో పలాసవాళ్లకి నువ్వు చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పాక "శుభ్రం" అన్న మాటకి బలం వస్తుంది. గ్రౌండ్ ఫిల్ ఖాళీ నింపడానికి కాదు, కరెంటు వెనక్కి రావడానికి. అందుకే ఫిల్ బాగుపడాలంటే చాలాసార్లు జరపాల్సింది ట్రాకుని. నీ బోర్డులోనే చూడు, కింది లేయర్‌లో ఆ పొడవాటి ట్రాక్ ఈ చివర నుంచి ఆ చివర దాకా గ్రౌండ్‌ని రెండుగా కోసేసింది. దాన్ని పై లేయర్‌కి మార్చి, ఇంకో ట్రాకుని దాటాల్సిన చోట మాత్రమే కిందికి దింపు, అదీ పొట్టిగా. వయాలు, అంటే లేయర్లని కలిపే రంధ్రాలు, వరసగా కిక్కిరిసి ఉన్నచోట, నడుమ నుంచి కాపర్ పారేలా కాస్త ఎడం చెయ్యి. ఈ మార్పుకి ముందు, తర్వాత బొమ్మలు ఒకే జూమ్‌లో పక్కపక్కన పెట్టు.

విడిగా మిగిలిన ఐలాండ్లని "తీసెయ్యండి" అని ఊరుకోకు. ఎక్కడా అంటని కాపర్ ముక్క ఒక ట్రాకు నాయిస్‌ని పక్క ట్రాకుకి చేరవేస్తుంది, అదీ కారణం. కింద గట్టి గ్రౌండ్ ఉంటే వయాతో కలపొచ్చు, లేకపోతే తీసెయ్యాలి. ఒకచోటే కలిసి పొడుగ్గా సాగిన ముక్కకి కొసన ఒక వయా వెయ్యాలి. సన్నటి పీలికలు ఎచింగ్‌లో (అక్కర్లేని కాపర్‌ని కరిగించేటప్పుడు) ఊడొచ్చి ఇంకోచోట అతుక్కుంటే షార్ట్ అవుతుంది. జోన్‌లో మినిమమ్ విడ్త్ పెంచితే అవి పోతాయి.

థర్మల్ రిలీఫ్‌కి, అంటే సోల్డర్ చేసే ప్యాడ్‌ని ఫిల్‌కి సన్నటి కాళ్లతో మాత్రమే కలపడానికి, రెండు వాక్యాలు చాలు. అది లేకపోతే ప్యాడ్ వేడినంతా ఫిల్ లాగేసుకుంటుందనీ, చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో అతుకు సరిగా పడదనీ రాస్తే కుర్రాడికి అర్థమైపోతుంది.

ముందుమాటలో ఎలక్ట్రానిక్స్ గొప్పతనం గురించి రాసిన పేజీ పూర్తిగా కొట్టెయ్. ఆ చోటు ఈ లెక్కకివ్వు. మార్చిన కాపీతో పాటు బోర్డు ఫైలు కూడా పంపు, ఆ కింది లేయర్ నేనూ చూస్తాను.

మీ అన్నయ్య