టెక్ సందేహాలు: మిర్చేమో టన్నుల్లో, కారమేమో మైనస్‌లో

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు చిన్న కారం మిల్లు ఉంది. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్‌లో మిర్చి కొంటే పర్చేజ్, కారం అమ్మితే సేల్స్ బిల్లులు వేస్తున్నాం. స్టాక్ సమ్మరీ తెరిస్తే, గోడౌన్‌లో లేని మిర్చి టన్నుల్లో కనిపిస్తోంది. కారం మైనస్‌లో ఉంది. ఏ సెట్టింగ్ మార్చాలి?

జవాబు: మీ బిల్లులు సరిగానే ఉన్నాయి. మిర్చి వచ్చిందని రాశారు, కారం పోయిందని రాశారు. మధ్యలో ఆ మిర్చి కారం అయిందన్న సంగతి టాలీకి ఎవరు చెప్పారు? అది చెప్పడానికి మాన్యుఫాక్చరింగ్ జర్నల్ కావాలి. క్రియేట్‌లో వోచర్ టైప్ తెరిచి కొత్త పేరు ఇవ్వండి. రకం దగ్గర స్టాక్ జర్నల్ ఎంచుకుని, 'యూజ్ యాజ్ ఎ మాన్యుఫాక్చరింగ్ జర్నల్' ఎదురుగా యస్ పెట్టండి.

ఇక కారం ఐటమ్ తెరిచి, ఎఫ్12 నొక్కి బిల్ ఆఫ్ మెటీరియల్స్ (బీఓఎం) ఆన్ చేయండి. 100 కిలోల కారానికి ఎంత మిర్చి పడుతుందో రాయాల్సింది అక్కడే. చాలామంది కళ్లు మూసుకుని 100కి 100 రాసేస్తారు. తొడిమలు పోవూ? తేమ తగ్గదూ? మరలో ఎగిరిపోయే పొడి సంగతేంటి? ఇంకొకరి అంకె మీకు పనికిరాదు. ఒక లోడు మిర్చిని ఆడించే ముందు, ఆడించాక కాటా వేసి, వచ్చిన లెక్కే పెట్టండి. తేజ రకం మిర్చికీ 334 రకానికీ తేడా వస్తే ఒకే ఐటమ్‌కు రెండు బీఓఎంలు పెట్టుకోవచ్చు.

యూనిట్ల దగ్గర కాస్త జాగ్రత్త. మిర్చి యార్డులో టిక్కీల్లో (బస్తాల్లో) కొంటారు కాబట్టి టిక్కీనే యూనిట్‌గా పెట్టాలనిపిస్తుంది. ఒక్కో టిక్కీ ఒక్కో బరువు ఉంటుంది, లెక్క నిలవదు. కిలోల్లోనే ఉంచి, డెసిమల్ ప్లేసెస్ 3 పెట్టండి. అది సున్నా అయితే గ్రాములు ఎక్కించలేరు. అరకిలో ప్యాకెట్లు అమ్ముతుంటే వాటికి వేరే బీఓఎం కావాలి: విడి కారం అరకిలో, కవరు ఒకటి.

ఎఫ్11లో బ్యాచ్‌లు కూడా ఆన్ చేసి, కారం ఐటమ్‌లోనూ యస్ పెట్టండి. ప్యాకెట్ మీద బ్యాచ్ నంబర్ ఎలాగూ వేయాల్సిందే కదా.

పాత మైనస్‌ను ఫిజికల్ స్టాక్ వోచర్‌తో (గోడౌన్‌లో లెక్కపెట్టిన సరుకును రాసే ఎంట్రీతో) ఒక్క దెబ్బకు సరిచేద్దామంటే నేను ఒప్పుకోను. అది పరిమాణాన్ని సరిచేస్తుందే తప్ప, మిర్చి ఖరీదును కారం మీదకు చేర్చదు. ముందు బ్యాకప్ తీసి, నెలకొకటి చొప్పున పాత తేదీలతో మాన్యుఫాక్చరింగ్ జర్నల్స్ వేయండి. కరెంటు, కూలి ఖర్చులనూ అందులో కలపొచ్చు. ఆ తర్వాత మిగిలే కొద్దిపాటి తేడాకు ఫిజికల్ స్టాక్ వాడండి. ఏ తేదీలు మార్చాలో ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: సరుకు లేకుండా బిల్లు కొడితే టాలీ చెప్పదా?

జవాబు: చెబుతుంది. బిల్లు వేసే స్క్రీన్‌లో ఎఫ్12 నొక్కి, నెగటివ్ స్టాక్ వార్నింగ్‌కు యస్ పెట్టండి. కాకపోతే అది హెచ్చరిక మాత్రమే. కౌంటర్లో కుర్రాడు చూడకుండా ఎంటర్ కొట్టేస్తే బిల్లు వచ్చేస్తుంది. అందుకే సాయంత్రం ఒకసారి ఎక్సెప్షన్ రిపోర్ట్స్‌లో నెగటివ్ స్టాక్ చూసుకోండి.